లాగితే బిగుసుకునే గుప్పిట

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది పర్లాకిమిడి. నాన్నకి 57 ఏళ్ళు. కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, నెమళ్ళు చేసే పని. ఐదు నెలల కిందట ఒకరోజు తెల్లారేసరికి పచ్చవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. బరంపురంలో 11 రోజులు ఆసుపత్రిలో ఉంచాం. మొదటి నెల చెయ్యి తడిగుడ్డలా వేలాడేది. తర్వాత మోచెయ్యి మడుచుకుపోయి గుండెకి ఆనుకుంది. వేళ్ళు గుప్పిటలా బిగుసుకున్నాయి, బొటనవేలు లోపలే ఉండిపోయింది. రోజూ పొద్దునా సాయంత్రం వేళ్ళు లాగి తెరుస్తున్నాను. ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా మూసుకుంటోంది. నడిచేటప్పుడు కాలు కర్రలా బిగిసి, పాదం లోపలికి తిరిగి, వేళ్ళు నేలకి రాసుకుంటున్నాయి. ఆవలింత వచ్చినప్పుడు మాత్రం చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. సూరత్ నుంచి దసరాకి వచ్చిన అన్నయ్య అది చూసి, "ఆవలిస్తే లేచిన చెయ్యి చెప్తే లేవదేటి, బద్ధకం కాకపోతే" అన్నాడు. నాన్న ఆ పూట అన్నం తినలేదు.

బావ గుమ్మానికి తాడూ కప్పీ కట్టి, మంచి చేత్తో లాగి పడిపోయిన చెయ్యి పైకెత్తమన్నాడు. ఇప్పుడు భుజం నొప్పి. వారానికి రెండుసార్లు ఒకాయన వచ్చి 20 నిమిషాలు కరెంటు పెట్టి 400 రూపాయలు తీసుకుంటారు. ఆయన ఒడియాలో చెప్తే నాన్న తడబడుతున్నారు, తెలుగులో చెప్తే మేలు. చీటీ మీద "ఎం.ఎ.ఎస్. 2" అని రాశారు, అదేంటో తెలీదు. బిగుతు తగ్గడానికిచ్చిన బాక్లోఫెన్ మాత్ర వేస్తే పగలంతా నిద్రే, ఆపేద్దామా? విశాఖలో ఒక డాక్టరు బొటాక్స్ ఇంజెక్షన్ అన్నారు. పెద్దమ్మేమో పావురం రక్తం రాయమంటోంది. నాన్న మళ్ళీ కొమ్ము పని చేస్తారా? నేను సరిగా లాగడం లేదా?

సమాధానం:

అమ్మా,

నువ్వు చివర్లో అడిగిన దానితో మొదలుపెడతాను. లోపం నీ లాగడంలో లేదు, లాగాలనుకోవడంలోనే తిరకాసు ఉంది. నెలల తరబడి నీ వేళ్ళకీ నాన్నగారి వేళ్ళకీ పోటీ నడుస్తోంది. అందులో నువ్వు గెలవవు. అవతల పట్టు బిగిస్తున్నది నాన్నగారు కాదు, ఆయన వెన్నుపాము.

డాక్టరు మోకాలి కింద చిన్న సుత్తితో తడితే కాలు ఎగరడం చూసే ఉంటావు. ఏ కండరమైనా ఉన్నట్టుండి సాగితే వెంటనే ముడుచుకుంటుంది. మెదడుని అడిగే పని లేకుండా అది వెన్నుపాములోనే తేలిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మెదడు పైనుంచి "చాల్లే, ఊరుకో" అంటూ దాన్ని అదుపులో పెడుతుంది. పక్షవాతంలో ఆ అదుపు చేసే దారి దెబ్బతింటుంది. ఇక కాస్త సాగదీసినా కండరం ఉలిక్కిపడి బిగుసుకుంటుంది, లాగే వేగం పెరిగినకొద్దీ బిగుతూ పెరుగుతుంది. దీన్నే స్పాస్టిసిటీ అంటారు. మొదటి వారాల్లో వేలాడిన చెయ్యి తర్వాత బిగుసుకోవడం ఈ జబ్బులో తరచూ కనిపించేదే, నీ సేవలో లోటు వల్ల వచ్చింది కాదు.

కొమ్ముని ఎలా వంచుతారో నాన్నగారినే అడుగు. చల్లటి కొమ్ముని బలం పెట్టి వంచితే పగులుతుంది. వేడి చూపించి, మెత్తబడేదాకా ఆగి, కొంచెం కొంచెంగా ఒత్తుతూ పోతారు. ఆయన చేతికి కావలసింది ఆ ఓపికే. (వేడి మాత్రం వద్దు, ఎందుకో తర్వాత చెప్తాను.)

ఆవలింత సంగతి మీ అన్నయ్యకి ఫోనులో చదివి వినిపించు. "చెయ్యి ఎత్తు" అంటే కదిలించే ఆజ్ఞ మెదడు పై భాగంలో పుట్టి కిందికి దిగాలి. నాన్నగారికి తెగింది ఆ దారే. ఆవలింతని నడిపేది మెదడు అడుగున ఉండే పాత భాగం, దాని దారి వేరు. అందుకే ఆయన ప్రమేయం లేకుండానే చెయ్యి లేస్తుంది. తుమ్మినా, దగ్గినా, కుర్చీలోంచి కష్టపడి లేచినా మోచెయ్యి ఇంకా ముడుచుకోవడం కూడా నువ్వు చూసే ఉంటావు. నా దగ్గరికొచ్చిన ఒక పెద్దాయన ఇంట్లో ఇలా ఆవలింతకి చెయ్యి లేచిందని కొబ్బరికాయ కొట్టారు. ఇంకో ఇంట్లో మీ అన్నయ్యలాగే బద్ధకం అన్నారు. కొబ్బరికాయ వల్ల ఎవరి మనసూ నొచ్చుకోలేదు. బద్ధకమన్న మాట ఆ మనిషి చేత సాధన మాన్పించేసింది. నాన్నగారు ఆ పూట అన్నం మానేశారని రాశావే, నాకు భుజం నొప్పి కంటే అదే ఎక్కువ పట్టింది. అన్నయ్య చేత ఒక్క మాట చెప్పించు, "నాకు తెలీక అన్నాను నాన్నా" అని.

సరే, గుప్పిట తెరిచే పద్ధతి. ఇది వేళ్ళ దగ్గర మొదలవదు, భుజం దగ్గర మొదలవుతుంది. నాన్నగారిని కుర్చీలో, పాదాలు రెండూ నేలకి ఆనేలా కూర్చోబెట్టి, నువ్వు ఆయన కుడి పక్కన కూర్చో. ఒక చెయ్యి ఆయన మోచేతి కింద, ఇంకో చెయ్యి మణికట్టు దగ్గర పెట్టి, బరువంతా నువ్వే మొయ్యి. చేతిని ఒంటి నుంచి నెమ్మదిగా, జాన దూరం చాలు, పక్కకి తీసుకో. ఆగు. కండరం వదులయ్యేది నీ చేతికే తెలుస్తుంది, పిసికిన పిండి కాసేపటికి నానినట్టుంటుంది. అప్పుడు మోచెయ్యి కొంచెం చాపు. మళ్ళీ ఆగు.

ఇప్పుడు మణికట్టు. అందరూ మణికట్టుని పైకెత్తి వేళ్ళు చాపబోతారు, అక్కడే పోట్లాట మొదలవుతుంది. నువ్వు దాన్ని కిందికి వాల్చు, కుళాయి కింద చెయ్యి వదిలేసినట్టు. వేళ్ళని మడిచే నరాలు (ఊళ్ళో అలాగే అంటాం గానీ అవి నిజానికి కండరాల తాళ్ళు) మణికట్టు మీదుగానే వెళ్తాయి. మణికట్టు వాలితే అవి సడలుతాయి, వేళ్ళు సగం వాటంతటవే విచ్చుకుంటాయి. బొటనవేలి కొస పట్టుకోకు. అరచేతి వైపు దాని మొదట్లో ఉబ్బుగా కండ ఉంటుంది చూడు, అక్కడ పట్టుకుని బయటికి తియ్యి. అది బయటికొస్తే మిగతా నాలుగూ అంత మొండికెయ్యవు. వేళ్ళు తెరుచుకున్నాక, అలా తెరిచి ఉంచే, మణికట్టుని కొద్దికొద్దిగా పైకి తీసుకురా. ఎక్కడైనా పట్టేసిందా, అక్కడే ఆగి పది అంకెలు లెక్కపెట్టు. మొత్తం రెండు మూడు నిమిషాల పని. ఆయన ముఖం చిట్లించారంటే నువ్వు తొందరపడ్డావన్నమాట.

తెరిచిన చేతిని వదిలెయ్యకు. అరచెయ్యి గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో అద్దు. రోజంతా మూసి ఉండే అరచేతిలో చెమట నిలిచి, వాసనొచ్చి, పాచి పుండ్లు పడతాయి. గోళ్ళు వారానికోసారి కత్తిరించు. తర్వాత ఆయన్ని చెక్కబల్ల మీద కూర్చోబెట్టి, తుంటికి పక్కన ఆ అరచేతిని పరిచి, మోచేతిని నువ్వు పట్టుకుని, ఒంటి బరువు కొద్దిగా దాని మీదికి వాలమను. భుజం నొప్పి ఎక్కువైతే వాలడం మానెయ్యండి.

ఇక్కడ నీకొక నిజం చెప్పాలి, మా ఫిజియోథెరపీ వృత్తివాళ్ళు అంత ఇష్టంగా చెప్పనిది. ఇలా ఇంకొకరు చేత్తో సాగదీయడం వల్ల కీళ్ళు ఎంత మెరుగవుతాయని చేసిన పరిశోధనలన్నీ కలిపి కాక్రేన్ సంస్థ 2017లో ఒక సమీక్ష వేసింది. పక్షవాతంలాంటి నరాల జబ్బులున్నవాళ్ళలో, ఏడు నెలల లోపు చేసిన సాగదీతల వల్ల కీలు కదలికలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని తేలింది. అలాగని మానెయ్యమనను. చెయ్యి శుభ్రంగా ఉండటానికీ, చొక్కా తొడగడానికీ, తర్వాత చేయించే సాధనకి కండరాన్ని సిద్ధం చెయ్యడానికీ అది కావాలి. ఒక పూట తప్పిపోతే కుమిలిపోవద్దు, అంతే. రోజుకి గంట లాగే ఓపిక నీకుంటే, అందులో పది నిమిషాలు తెరవడానికి పెట్టి, మిగతా యాభై నిమిషాలూ ఆయన చేత ఏదైనా చేయించడానికి పెట్టు. మెదడు కొత్త దారి వెతుక్కునేది ఆయన ప్రయత్నించినప్పుడు, నువ్వు లాగినప్పుడు కాదు.

ఆ తాడూ కప్పీ మాత్రం ఇవాళే విప్పించు. బావగారు ప్రేమతో కట్టారు, కాదనను. నేనూ కట్టించాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మాస్టారికి గుమ్మానికి కప్పీ పెట్టించి, పొద్దునా సాయంత్రం యాభైసార్లు లాగమన్నాను. మూడు వారాల్లో ఆయన భుజం ముట్టుకోనివ్వలేదు, నిద్రపోలేదు, నన్ను మాత్రం ఒక్క మాటనలేదు. పక్షవాతం వచ్చిన భుజంలో కీలుని పట్టి ఉంచే కండరాలు బలహీనపడి ఉంటాయి. మామూలుగా చెయ్యి లేచేటప్పుడు రెక్క ఎముక కూడా తిరగాలి. అది తిరగకుండా చెయ్యొక్కటే తాడుతో పైకి పోతే లోపల నలుగుతుంది. ఇలాంటివాళ్ళ చేత తల మీదికి కప్పీ లాగించవద్దని ఇప్పటి వైద్య మార్గదర్శకాలు స్పష్టంగానే చెప్తున్నాయి. మంచం మీంచి లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగొద్దు, చంకలో చెయ్యి వేసి ఎత్తొద్దు. నడుం దగ్గర పట్టుకోండి. పడుకున్నప్పుడు కుడి చేతి కింద భుజం నుంచి వేళ్ళదాకా తలగడ పెట్టండి. మెడకి గుడ్డ కట్టి చెయ్యి వేలాడదీయడం నడిచే కాసేపటికే ఉంచండి, రోజంతా అలా ఉంటే మోచెయ్యి ఆ వంపులోనే స్థిరపడుతుంది. చెయ్యి వాచి, ఎర్రబడి, తాకితే అరుస్తున్నారంటే నా జవాబు కోసం చూడకు, డాక్టరుకి చూపించు.

కరెంటు పెట్టే ఆయన గురించి మూడు సంగతులు తెలుసుకుంటే చాలు. ప్యాడ్లు ఎక్కడ అంటిస్తున్నారు? ముంజేతి వెనక వైపు, అంటే వేళ్ళు తెరిచే కండరాల మీదయితే మంచిది. కరెంటు వచ్చినప్పుడు వేళ్ళు కంటికి కనిపించేలా లేస్తున్నాయా? ఆ క్షణంలో "మీరు కూడా తెరవండి" అని నాన్నగారికి చెప్తున్నారా, లేక ప్యాడ్లు పెట్టి ఫోను చూసుకుంటున్నారా? ప్రయత్నంతో కలిస్తేనే కరెంటుకి విలువ. మనిషి నిద్రపోతుండగా 20 నిమిషాలు జుమ్మనిపించడానికి 400 దండగ. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి మాత్రం డాక్టరుని అడక్కుండా కరెంటు పెట్టకూడదు. ఆయన్ని మానిపించమని కాదు నా ఉద్దేశం. ఆ ఊళ్ళో ఇంటికొచ్చే మనిషి దొరకడమే గొప్ప. "మాకు ఏం చెయ్యాలో నేర్పండి, వచ్చే వారందాకా నేను చేయిస్తాను" అని అడుగు. ఆయన ఒడియాలో నీకు చెప్తే నువ్వు తెలుగులో నాన్నగారికి చెప్పు. కుడి పక్క పడిపోయిందంటే దెబ్బ మెదడులో ఎడమ వైపున, చాలామందికి మాట పుట్టేదీ అక్కడే. కాబట్టి ఒకసారి ఒకే మాట చెప్పు, చెప్తూ నీ చేత్తో చేసి చూపించు, జవాబు వచ్చేదాకా ఆగు. ఇంట్లో నలుగురూ నాలుగు పక్కల నుంచి "ఎత్తండి, చాపండి" అని అరవకూడదు.

ఎం.ఎ.ఎస్. అంటే మోడిఫైడ్ ఆష్‌వర్త్ స్కేల్. 1964లో ఆష్‌వర్త్ అనే డాక్టరు వాడిన కొలతని 1987లో కొంచెం సవరించారు. 0, 1, 1+, 2, 3, 4 అని ఆరు మెట్లు. సున్నా అంటే బిగుతు లేదు, నాలుగు అంటే కీలు కదలనే కదలదు. మీకిచ్చిన 2 అంటే బిగుతు కదలికలో చాలా మేరకు తెలుస్తోంది, అయినా చెయ్యిని తేలిగ్గానే కదిలించవచ్చు. బాధపడాల్సిన అంకె కాదు. నువ్వు ఇంట్లో చూసుకోవలసింది ఇంకొకటుంది. నాన్నగారు గాఢంగా నిద్రపోతున్నప్పుడు గుప్పిట వదులుగా ఉందా? నెమ్మదిగా తెరిస్తే పూర్తిగా వస్తోందా? అలా వస్తే అది నరాల బిగుతు. నిద్రలో కూడా, ఎంత నిదానంగా తీసినా ఒకేచోట గోడకి తగిలినట్టు ఆగిపోతుంటే కండరమే పొట్టిపడటం మొదలైందన్నమాట. దానికి వైద్యం వేరు, త్వరగా చూపించాలి.

బాక్లోఫెన్ సొంతంగా ఆపొద్దు. నేను ఫిజియోథెరపిస్టుని, మందు మార్చే హక్కు నాకు లేదు, అయినా ఇంతవరకు చెప్పగలను. రోజూ వాడుతున్న బాక్లోఫెన్‌ని ఒక్కసారిగా మానేస్తే బిగుతు తిరగబడి పెరగడం, మతి తప్పడం, ఫిట్స్ రావడం జరగవచ్చు. మగత ఆ మందుకి మామూలే. "పగలంతా నిద్ర, సాధన సాగడం లేదు" అని రాసిచ్చిన డాక్టరుకి చెప్పండి. మోతాదు తగ్గిస్తారు, వేళ మారుస్తారు, లేదా మెల్లగా ఆపిస్తారు. ఒళ్ళంతా వదులు చేసే మాత్రతో ఇంకో చిక్కు ఉంది, బలంగా ఉన్న కండరాలు కూడా నీరసపడతాయి. నాన్నగారు ఇప్పుడు నిలబడుతున్నది ఆ కర్రలాంటి కాలి బిగుతు ఆసరాతోనే కావచ్చు. బిగుతంతా శత్రువు కాదు. అది పూర్తిగా పోయిన రోజున మనిషి కూలబడిపోవడం నేను చూశాను.

బొటాక్స్ బాగుండేది ఇక్కడే. అది ముఖం ముడతలకి వేసే మందే, కానీ ఇక్కడ పని వేరు. బిగుసుకున్న ఆ ఒక్క కండరంలోనే వేస్తారు, ఒళ్ళంతా మందగించదు. కొన్ని రోజుల్లో పని మొదలై, నాలుగు నుంచి ఆరు వారాలకి బాగా తెలిసి, మూడు నెలలకి తగ్గిపోతుంది. ఖర్చు వేలల్లోనే. ఇంజెక్షన్ చేతిని వదులు చేస్తుంది గానీ పని నేర్పదు, ఆ మూడు నెలల్లో నేర్పాల్సింది మనం. వేయించుకుని ఇంటికొచ్చి మంచం మీద పడుకుంటే డబ్బు నీళ్ళలో పోసినట్టే. మీ విషయంలో నేనైతే ఇలా ఆలోచిస్తాను. పైన చెప్పినట్టు ఒక నెల చేశాక కూడా అరచెయ్యి కడగడానికి రాకపోయినా, నొప్పి ఉన్నా, పాదం లోపలికి తిరిగి నడవలేకపోతున్నా అప్పుడు వేయించుకోవడం సబబు. వెళ్ళేముందు ఒక ప్రశ్న రాసుకెళ్ళు: "ఏ కండరానికి వేస్తారు, దానివల్ల ఏ పని సులువవుతుంది?" జవాబు సూటిగా చెప్పే డాక్టరు దగ్గరే వేయించు.

పావురం రక్తం గురించి పెద్దమ్మగారితో తగువు పడొద్దు, కానీ రాయొద్దు కూడా. మన వైపు ఈ మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. దెబ్బ మెదడులో ఉంది, చర్మం మీద ఏ రక్తం పూసినా అక్కడికి చేరదు. పుండు ఉంటే చీము మాత్రం పడుతుంది. నూనె రాస్తారా, రాయండి, మెత్తగా, హాయికి. అరికాలికి రాసి నడిపించొద్దు. ఇప్పుడు అసలు భయం కాపడాలది. మీ వైపు కొండ చలి దిగిందంటే బిగుతు పెరుగుతుంది, ఇసుక మూటలు, ఇటుకలు కాచి పెట్టమంటారు. స్పర్శ తగ్గిన చేతికి కాలుతున్నదీ తెలియదు. బొబ్బ లేచాక చూసుకున్న చేతులు నా దగ్గరికి చాలా వచ్చాయి. చలికి దుప్పటి, పొడుగు చేతుల స్వెట్టరు చాలు.

ఏ రోజైనా బిగుతు ఉన్నట్టుండి పెరిగితే కారణం చేతిలోనో కాలిలోనో వెతకొద్దు. మూడు రోజులుగా విరేచనం కాలేదేమో, మూత్రం మంటగా ఉందేమో, కాలిగోరు లోపలికి పెరిగిందేమో, పిర్ర మీద పుండు మొదలైందేమో చూడు. నొప్పి, జ్వరం, మలబద్ధకం, ఇవన్నీ వెన్నుపాముని రెచ్చగొడతాయి. ఒకసారి ఒకాయన కాలు బిగుతు రెట్టింపైందని పరుగున తీసుకొచ్చారు. బూటులో కోడిపిల్లలకి వేసే నూక గింజలు నాలుగు. బిగుతుతో పాటు పిక్క ఒక్కటే వాచి వేడిగా ఉంటే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

కాలికి నేను మొదట చెప్పే సాధన కూర్చుని లేవడం. ఇంతకంటే గొప్పది నాకు తెలీదు. కొంచెం ఎత్తయిన కుర్చీ గోడకి ఆనించి పెట్టు. పాదాలు మోకాళ్ళ కిందికి వెనక్కి రావాలి, కుడి మడమ నేలకి ఆనాలి. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకి వంగి లేవాలి. బరువంతా ఎడమ కాలి మీదికి నెట్టేస్తారు, కుడి తొడ మీద నీ చెయ్యి వేసి "ఇటు" అని గుర్తుచెయ్యి. ఎనిమిది, పదిసార్లు, మధ్యలో విశ్రాంతితో రోజుకి మూడు నాలుగు విడతలు. బలం పెంచితే బిగుతు పెరుగుతుందని పాతరోజుల్లో మాకు నేర్పారు. అది నిజం కాదని తర్వాత తేలింది. కింద పీట మీద కూర్చోబెట్టడం, నేల మీద మరుగుదొడ్డి, రెండూ ఇప్పటికి వద్దు. కుర్చీలాంటి కమోడు స్టాండు పెట్టుకోండి. పాదం లోపలికి తిరగడానికి ఎ.ఎఫ్.ఓ. అనే పిక్కపట్టీ ఉంటుంది. ప్లాస్టిక్‌ది, కాలి కొలతకి చేయిస్తే మంచిది. దాని మీద హవాయి చెప్పు పట్టదు, వెనక పట్టీ ఉన్న సాండలు కొనాలి. మొదటి వారం పట్టీ తీయగానే చర్మం చూడు. ఎర్రటి మచ్చ అరగంటకి పోకపోతే అక్కడ ఒరుసుకుంటోందని అర్థం. చేతికర్ర ఎడమ చేతిలో ఉండాలి, నువ్వు కుడి పక్కన నడవాలి.

ఎక్కడికి వెళ్ళాలి అంటే, పాతపట్నం దాటి శ్రీకాకుళం, విశాఖ రావడం మీకు అలవాటే. ఒడిశాలోనే, కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ, పరిశోధన సంస్థ ఉంది, కేంద్ర ప్రభుత్వానిది. ఫిజియోథెరపీతో పాటు కాలిపట్టీలు కొలిచి చేసే విభాగం కూడా అక్కడుంది. దూరమే, కానీ ఒక్కసారి చూపించి పద్ధతి నేర్చుకుని వస్తే నెలల డబ్బు మిగులుతుంది. ఆరోగ్య కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో బయల్దేరే ముందే ఫోను చేసి కనుక్కోండి, రాష్ట్రం దాటితే మరీ. వికలాంగుల ధ్రువపత్రానికి కూడా అప్లై చెయ్యండి. 2016 చట్టం ప్రకారం వైకల్యం 40 శాతం, ఆ పైన ఉంటే చాలా సౌకర్యాలు వర్తిస్తాయి, యు.డి.ఐ.డి. అనే వికలాంగుల గుర్తింపు కార్డు దేశమంతా చెల్లుతుంది. బీపీ మాత్ర, రక్తం పలచబడే మాత్ర మానొద్దు. ఎండుచేప, ఊరగాయ తగ్గించండి. ముఖం మళ్ళీ వంకరపోయినా, మాట ముద్దయినా, కొత్తగా చెయ్యో కాలో పడిపోయినా 108కి చెయ్యండి, ఆ నంబరు మీకూ మాకూ ఒకటే.

ఇక కొమ్ము పని. ఐదు నెలలకి వేళ్ళు సొంతంగా తెరుచుకోవడం మొదలవలేదంటే, కొంగ మెడ చెక్కే నాజూకు ఆ కుడి చేతికి తిరిగొస్తుందని నేను నమ్మబలకలేను. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో వేగంగా వచ్చే మార్పు తర్వాత నిదానిస్తుంది, ఆగిపోదు. ఏడాది దాటాక చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు. అయితే ఆ చెయ్యి పని లేకుండా కూర్చోవాలని ఎక్కడా లేదు.

ముందు ఒక అద్దం తీసుకో, గోడకి తగిలించే సాదా అద్దం. బల్ల మీద నాన్నగారి ఎదుట, రెండు చేతుల మధ్య నిలబెట్టు. ఎడమ చెయ్యి అద్దంలో కనిపించాలి, కుడి చెయ్యి అద్దం వెనక దాగాలి. ఎడమ గుప్పిట నెమ్మదిగా తెరుస్తూ, మూస్తూ, ఆయన అద్దంలోకే చూడాలి. అక్కడ కుడి చెయ్యే తెరుచుకుంటున్నట్టు కనిపిస్తుంది. వెనకున్న చేతిని కూడా అలాగే తెరవడానికి ప్రయత్నించమను. రోజుకి అరగంట. చూడటానికి గారడీలా ఉంటుంది గానీ, చేతి కదలికకి ఇది మేలు చేస్తుందని 2018 కాక్రేన్ సమీక్షలో తేలింది. ఎవరో ఒకరు స్పాంజి బంతి తెచ్చి నొక్కమంటారు. మూసుకోవడం ఆ చేతికి బాగానే వచ్చు, తెరవడం నేర్పాలి. బంతి పిల్లలకి ఇచ్చెయ్యి.

తర్వాత ఆయన పనిముట్ల పెట్టె దించు. రంపం, ఉలి వద్దు. సగం చేసి ఆపేసిన దువ్వెన ఒకటి, ఆకురాయి ఒకటి తియ్యి. పైన చెప్పిన పద్ధతిలో కుడి గుప్పిట తెరిచి, దువ్వెన వీపు అందులో పెట్టు. ఆ బిగుతే పట్టుకారులా దాన్ని పట్టుకుంటుంది. ఆకురాయి ఎడమ చేతికి. ముక్కుకి గుడ్డ కట్టు, కొమ్ము పొడి మంచిది కాదు. నాలుగు రుద్దులకోసారి ఆపి, దువ్వెన వదలమని కుడి చేతికే చెప్పమను. మణికట్టు వాల్చడం మాత్రం నువ్వు సాయం చెయ్యి. మొదటి వారం ఐదు నిమిషాలు చాలు. పళ్ళు వంకరటింకరగా వస్తాయి, నువ్వు ఆకురాయి అందుకుని సరిచెయ్యకు.